తంగేడూ జమ్మీ ఒక ఇంటివే

దేవరకొండ వైపు చెల్కల నడుమ పుట్టి పెరిగిన పిల్లలకు పూలను గుర్తుపట్టడం ఎవరూ పనిగట్టుకొని నేర్పరు. ఎంగిలిపూల బతుకమ్మ వచ్చే భాద్రపద అమావాస్య మొదలుకొని సద్దుల బతుకమ్మ దాకా మాకు ఒకటే పని ఉండేది. గుట్ట వాలుల్లో తంగేడు, జొన్నచేలలోనూ ఆముదపు చేల గట్ల మీదా గునుగు, దొడ్లో బంతి, పాదు మీద గుమ్మడిపువ్వు, కుంటలో కలువ, పెద్దచెరువులో తామర, ఇలా ఏది ఎక్కడ ఎప్పుడు విచ్చుకుంటుందో కనిపెట్టి, తెల్లవారక ముందే పోయి తెచ్చి వాకిట్లో కుప్పపోయాలి. ఆ కుప్పను మా నాయినమ్మ వేరుచేసే పద్ధతి నాకు బాగా గుర్తు. రంగులు ఆమెకు చివరి సంగతి. ముందు కాడ గట్టిదా మెత్తదా, పువ్వు విడిగా ఉందా గుత్తిగా ఉందా, సాయంత్రం దాకా నిలుస్తుందా వాడిపోతుందా అని చూసి, తాంబాళంలో ఏ వరుసకు ఏది ఆనుతుందో తేల్చేది. ఒక పువ్వును దేని పక్కన పెట్టాలి అనే ప్రశ్న నాకు మొదట ఎదురైంది అక్కడే. ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఎన్ని జవాబులు చెప్పారో, చెప్పిన జవాబును ఎందుకు మార్చుకోవలసి వచ్చిందో చదువుకోవడంలోనూ చదువు చెప్పడంలోనూ నా జీవితం చాలావరకు గడిచింది.

1980ల మొదట్లో నల్లగొండలో ఇంటర్మీడియట్ బైపీసీలో చేరాను. తెలుగు అకాడమీ వారి వృక్షశాస్త్రం పుస్తకంలో ఆవృతబీజాల, అంటే పూలమొక్కల, వర్గీకరణ చివరి అధ్యాయాల్లో ఉండేది. మా సారు మాత్రం ఆ పాఠాన్ని తంగేడు పూసే రోజుల్లోనే మొదలుపెట్టేవారు. "పుస్తకం రాత్రికి చూడొచ్చు, ముందు పువ్వును విప్పండి" అని తలా ఒక బ్లేడు, ఇద్దరికొక భూతద్దం ఇచ్చేవారు.

తంగేడు పువ్వును ఆ భూతద్దం కింద చూసిన తర్వాత అది నాకు మళ్లీ ఉత్త పసుపు పువ్వుగా కనబడలేదు. ఆకర్షణ పత్రాలు, అంటే రేకులు, అయిదు; చూడటానికి ఒకే తీరుగా ఉన్నా, మొగ్గను తెరిస్తే అన్నిటికన్నా పైనున్న రేకు మిగతా నాలుగింటికి లోపల ఒదిగి ఉంటుంది. కేసరాలు పది. వాటిలో పైవి మూడు ఎదగకుండా పొట్టిగా ఉండిపోతాయి, కిందివి పొడవుగా ముందుకు వంగి ఉంటాయి. పరాగకోశం చాలా పూలలో నిలువునా చీలుతుంది. తంగేడులో అలా చీలదు, కొసన మాత్రం సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. తుమ్మెద కేసరాలను కాళ్లతో పట్టుకొని ఒళ్లంతా ఝుమ్మని అదిరించినప్పుడే ఆ రంధ్రంలోంచి పుప్పొడి చిమ్ముకొస్తుంది. ఈ పువ్వులో తేనె లేదు. పుప్పొడి కోసమే తుమ్మెద వస్తుంది, వచ్చిన తుమ్మెదకు అంటుకున్న పుప్పొడిలో కొంత మరో పువ్వుకు చేరుతుంది. తెల్లవారుజామున తంగేడు చెట్ల మధ్య మాకు వినిపించిన ఆ ఝుంకారానికి కారణం ఇంత చిన్న రంధ్రమని తెలిసిన రోజు నాకు వృక్షశాస్త్రం మీద ఇష్టం స్థిరపడింది.

తర్వాతి వారాల్లో మోదుగు, జమ్మి వచ్చాయి. మోదుగు పూసేది ఎండాకాలం మొదట్లో కనుక సారు ముందటి ఏడాది మొగ్గలను స్పిరిట్‌లో దాచి ఉంచారు. అందులో పై రేకు తంగేడుకు సరిగ్గా తలకిందులుగా, అన్నిటికీ వెలుపల కప్పి ఉంటుంది. జమ్మి పూలు మరీ చిన్నవి. సన్నని కంకి మీద వందలకొద్దీ కిక్కిరిసి ఉంటాయి. ఒక్క పువ్వును సూదితో విడదీస్తే రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా అంచుకు అంచు ఆని ఉంటాయి, పది కేసరాల కొనలమీదా చిన్న గ్రంథి ఉంటుంది. పూలు ఇంత వేరైనా మూడింటి అండాశయమూ ఒక్క ఫలదళంతో, అంటే గింజలను లోపల పెట్టుకునే ఒకే భాగంతో, కట్టినదే, మూడింటికీ వచ్చేది చిక్కుడు తీరు కాయే. అందుకే వీటిని ఒకే కుటుంబంలో మూడు ఉపకుటుంబాలుగా చదువుకున్నాం: మోదుగుది ఒకటి, తంగేడుది ఒకటి, జమ్మీ తుమ్మలది ఒకటి.

ఈ అమరిక అంతా జార్జ్ బెంథామ్, జోసెఫ్ హుకర్ అనే ఇద్దరు ఆంగ్లేయులది. లండన్ దగ్గరి క్యూ తోటలోని ఎండు నమూనాలను ఒక్కొక్కటే చూసి, 1862 నుంచి 1883 దాకా లాటిన్‌లో మూడు సంపుటాలుగా వాళ్లు వెలువరించిన గ్రంథంలో 202 కుటుంబాలు, 97,205 జాతులు ఉన్నాయి. వీళ్లకు నూరేళ్ల ముందు, 1753లో, లిన్నేయస్ ప్రధానంగా కేసరాల సంఖ్యను, వాటి అమరికను బట్టి మొక్కలన్నిటినీ 24 తరగతులుగా పంచాడు. ఆ లెక్క తేలికైనదే కానీ ఏ సంబంధమూ లేని మొక్కలను ఒక గదిలో కూర్చోబెట్టేది. బెంథామ్, హుకర్‌లు ఒక లక్షణాన్ని కాక అనేక లక్షణాలను కలిపి చూశారు. విత్తనంలో రెండు పప్పులుండే ద్విదళబీజాలను రేకులు విడివిడిగా ఉన్నవి, రేకులు కలిసిపోయినవి, రేకులంటూ వేరుగా లేనివి అని మూడు పెద్ద భాగాలు చేశారు. బ్లేడూ భూతద్దమూ ఉన్న ఏ విద్యార్థి అయినా ఆ మెట్ల మీదుగా దిగి పువ్వు కుటుంబం దగ్గరికి చేరగలడు. మన దేశంలో ఎండు మొక్కల నమూనాలను భద్రపరిచే హెర్బేరియాలు చాలావరకు ఇప్పటికీ ఆ వరుసలోనే బీరువాలు సర్దుకున్నాయంటే కారణం అదే. నాకు ఆ పద్ధతి అంటే ఇవాళ్టికీ గౌరవం. కళ్లకు చూడటం నేర్పినది అది.

ఆ గ్రంథం మొదటి సంపుటం వచ్చేనాటికి డార్విన్ పరిణామ సిద్ధాంతం ప్రకటించి మూడేళ్లయింది. హుకర్ డార్విన్‌కు ప్రాణస్నేహితుడు. అయినా వాళ్ల వర్గీకరణ పోలికల వర్గీకరణే తప్ప పుట్టుపూర్వోత్తరాల వర్గీకరణ కాదు. దేవదారు, సైకస్ వంటి గింజ కాయలో దాగని వివృతబీజాలను తీసుకుపోయి ద్విదళబీజాలకూ, ఒకే పప్పుండే ఏకదళబీజాలకూ మధ్యన పెట్టడమే అందుకు సాక్ష్యం. పూలమొక్కల పుట్టుక గురించి 1879 జూలైలో డార్విన్ రాసిన ప్రసిద్ధమైన ఉత్తరం కూడా ఆ హుకర్‌కే. భూమి పొరల్లో అంతకు ముందు జాడే లేని ఉన్నత వృక్షాలు అంత తక్కువ కాలంలో అంత వైవిధ్యంతో ఎలా బయటపడ్డాయో తెలియని పెద్ద చిక్కుముడి అని ఆయన అందులో బాధపడ్డాడు. డార్విన్ సిద్ధాంతం ప్రకారం మార్పు మెల్లగా రావాలి. పూలమొక్కలు ఆ మాట విన్నట్టు కనబడలేదు.

ఇది చదివిన రోజుల్లో మా గుట్టల్లో శిలాజాల కోసం వెతికిన అమాయకపు ఉత్సాహం మాది. అక్కడ దొరకవని సారు చెప్పారు. నల్లగొండ, పాలమూరు గుట్టల్లోని రాయి రెండు వందల కోట్ల ఏళ్లకు పైబడినది; ఆ రాయి గట్టిపడిన నాటికి నేలమీద చెట్టే లేదు. అందరూ ఒప్పుకున్న పూలమొక్కల పుప్పొడి శిలాజాలు సుమారు 13 కోట్ల ఏళ్ల నాటివి. చైనాలోని లియావోనింగ్ ప్రాంతంలో, స్పెయిన్‌లో దొరికిన తొలి మొక్కల అచ్చులూ ఇంచుమించు ఆ కాలానివే, అవీ నీటిలో పెరిగినవే. జన్యువుల్లో పేరుకున్న మార్పులను బట్టి వెనక్కి లెక్కగడితే మాత్రం పూల వంశం ఇంకా చాలా పాతదని తేలుతోంది. రాయి చెప్పే వయసుకూ జన్యువు చెప్పే వయసుకూ మధ్యనున్న ఆ కోట్ల ఏళ్ల ఖాళీ ఇవాళ్టికీ పూడలేదు. డార్విన్ చిక్కుముడిలో విడినది కొంత, మిగిలినది కొంత.

డిగ్రీలో ఉండగా అమ్రాబాద్ అడవికి మొక్కల సేకరణకు పోయాం. మన్ననూరులో దిగి ఫర్హాబాద్ దాకా నడుస్తూ, కొమ్మలు కత్తిరించి పాత దినపత్రికల మడతల్లో పెట్టి, చెక్కల ప్రెస్సులో బిగించి, సాయంత్రం కాగితాలు మార్చడం మా పని. దారి చూపడానికి వచ్చిన చెంచు పెద్దాయన ఒక్క ఆకు నలిపి వాసన చూసి చెట్టు పేరు చెప్పేవాడు. ఫలానా చెట్టుకూ ఫలానా తీగకూ పొత్తు ఉందని ఆయన అన్నవాటిలో చాలా మేం తిరిగి వచ్చాక పుస్తకంలో ఒకే కుటుంబం కింద దొరికాయి. అడవి వాలుల్లో సీతాఫలం చెట్లు విస్తారంగా ఉన్నాయి. సీతాఫలం అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి వచ్చినదే అయినా, మా పాలమూరు రాతినేల దానికి ఎంత నచ్చిందంటే ఇక్కడి బాలానగర్ పేరు మీదనే ఒక రకం దేశమంతా సాగులో ఉంది.

సీతాఫలం పువ్వును పరిశీలించిన వాళ్లు తక్కువ. ఆకుల చాటున తల వేలాడదీసుకొని, ఆకుపచ్చగా ఉండటం వల్ల ఎవరి కంటా పడదు. బయటికి కనబడేవి మందపాటి కండగల మూడు పొడుగు రేకులు. విప్పితే నడుమన దిమ్మలాంటి పుష్పాసనం, దాని చుట్టూ లెక్కపెట్టలేనన్ని కేసరాలు, పైన ఒకదానితో ఒకటి కలవని ఫలదళాలు. పువ్వు మొదట స్త్రీ దశలో ఉండి, ఆ తర్వాతే పుప్పొడి రాలుస్తుంది. రేకుల సందులోకి దూరే చిన్న చిన్న పురుగులు ఆ రెండు దశలనూ కలుపుతాయి. మూడేసి రేకులు ఏకదళబీజాల లక్షణమని పాఠం. విత్తనంలో చూస్తే బీజదళాలు రెండు. ఇది ఏ పక్షమని అడిగితే సారు, "ద్విదళబీజమే రాసుకోండి, కానీ ఈ అనుమానాన్ని మాత్రం దాచిపెట్టుకోండి" అన్నారు.

దాచిపెట్టుకున్న ఆ అనుమానం తీరడానికి నేను మహబూబ్‌నగర్‌లో లెక్చరర్‌నై, నా విద్యార్థులు లెక్చరర్లయ్యేదాకా ఆగవలసి వచ్చింది. 1993లో అనేకమంది శాస్త్రజ్ఞులు కలిసి, ఆకుల్లోని హరితరేణువుల్లో ఉండే ఒకే జన్యువును దాదాపు 500 మొక్కల్లో చదివి పోల్చి చూశారు. 1998లో కుటుంబాల కొత్త జాబితా వచ్చింది. 2003, 2009, 2016లలో దాన్ని సరిదిద్దారు. చివరి జాబితాలో 64 క్రమాలు (దగ్గరి కుటుంబాల గుంపులు), 416 కుటుంబాలు ఉన్నాయి. పూలమొక్కల వంశంలో మిగతావాటన్నిటి కన్నా ముందుగా వేరుపడిన కొమ్మకు ఇవాళ మిగిలిన ఏకైక వారసురాలు న్యూ కలెడోనియా దీవిలోని ఆంబొరెల్లా అనే పొద అని 1999లో తేలింది. దాని తర్వాత వేరుపడిన కొమ్మ మన కుంటల్లోని కలువది. సీతాఫలం కొమ్మ ఆ తరువాతిది: అటు ఏకదళబీజాలూ కాక, ఇటు పుప్పొడి రేణువు మీద మూడు గాడులు ఉండే అసలు ద్విదళబీజాలూ కాక, దానంతట అదే ఒక పాత శాఖ. సంపెంగ, జాజికాయ, మిరియం, తమలపాకు, దాల్చినచెక్క దానికి తోడు. బెంథామ్, హుకర్‌లు సీతాఫలాన్ని, సంపెంగను తమ వరుసలో మొదటనే పెట్టి, మిరియాన్నీ జాజికాయనూ దాల్చినచెక్కనూ రేకులు లేవన్న కారణంగా ఎక్కడో చివరకు పంపారు. జాజికాయను కోసి చూస్తే లోపల కనబడే ముడతల గీతలు సీతాఫలం గింజను చీల్చినా కనబడతాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి నేను క్లాసులో చూపించినప్పుడు పిల్లల ముఖాల్లో కలిగిన వెలుగు నాకు ఉద్యోగంలో దక్కిన మంచి బహుమానాల్లో ఒకటి.

కలువ, తామరల సంగతి నన్ను ఇంకా కదిలించింది. పాత పద్ధతిలో రెండూ ఒకే కుటుంబం. నీళ్లలో పుట్టి, నీళ్లపైన అన్నేసి రేకులతో విచ్చుకునేవాటిని ఎవరు మాత్రం వేరుచేస్తారు? కానీ కలువ ఆకు ఒక పక్క చీలి ఉండి నీటి మీద ఆని తేలుతుంది. తామరాకు చీలిక లేకుండా గుండ్రంగా ఉంటుంది, ముదిరాక కాడతో నీటిపైకి లేస్తుంది. తామర ఫలదళాలు దుద్దులో గుంటలు గుంటలుగా విడివిడిగా కూర్చుంటాయి. పుప్పొడి మీది గాడులు కూడా వేరు. జన్యువులు చదివాక తామర పోయి చేరినది మన తోటల్లో నిలువునా పెరిగే సిల్వర్ ఓక్ ఉన్న క్రమంలో. చెరువులోని తామరకు నేలమీది ఆ మహావృక్షం చుట్టమని, పక్కనే పూసిన కలువతో దాని తెగతెంపులు పది కోట్ల ఏళ్లకు మునుపే జరిగాయని మొదట చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

గునుగు కథ దీనికి తలకిందులు. పాత వరుసలో గునుగు, తోటకూర రేకులు లేనివాటిలో ఉండేవి; గంగవాయిలి కూర రేకులు విడిగా ఉన్నవాటిలో ఒక మూల, నాగజెముడు వాటిలోనే ఇంకో మూల. ఇప్పుడు ఇవన్నీ ఒకే క్రమం. ఇంటి ముందరి కాగితం పూలు, బీట్‌రూట్, బచ్చలి కూడా అందులోవే. వీటిలో చాలావాటిని కలిపి చూపించే గుర్తు వాటి రంగులోనే ఉంది. మందారంలో, శంఖుపువ్వులో ఎరుపును, నీలాన్ని ఇచ్చే ఆంథోసయానిన్ వీటిలో ఉండదు. దాని బదులు బీటాలెయిన్ అనే వేరే రసాయనం ఉంటుంది. ఈ రెండూ ఒకే మొక్కలో కలిసి కనబడవు. గునుగు కొసన ఉండే గులాబీ ఛాయా, బీట్‌రూట్ కోస్తే చేతికంటే రంగూ ఒకే జాతి రంగన్నమాట. బతుకమ్మ పేర్చేవాళ్లు గునుగును రకరకాల రంగుల్లో ముంచుతారు కనుక ఆ అసలు రంగును చూడాలంటే చేలోకే పోవాలి.

ఇక తంగేడు, జమ్మి. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించినప్పుడు రెండూ ఒకే కుటుంబానివని క్లాసులో సంతోషంగా చెప్పాను. ఉపకుటుంబాలు వేరని కూడా చెప్పాను, అప్పటి లెక్క అది. 2017లో చిక్కుడు కుటుంబం మీద పనిచేసే శాస్త్రజ్ఞుల బృందం సుమారు 3,700 జాతుల జన్యువులను పోల్చి, పాత మూడు ఉపకుటుంబాల స్థానంలో ఆరింటిని ప్రతిపాదించింది. జమ్మీ తుమ్మల గుంపు విడిగా పుట్టినది కాదని, తంగేడు, రేల ఉన్న కొమ్మలోంచే చిగిర్చిందని వాళ్లు చూపారు. అందువల్ల తంగేడూ జమ్మీ ఇప్పుడు ఒకే ఉపకుటుంబం. సద్దుల నాడు తంగేడును నెత్తికెత్తుకొని, ఆ వెంటనే దసరా నాడు జమ్మి ఆకును పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టే ఊళ్లలో ఈ సంగతి బడి గోడల మీద రాసిపెట్టదగినదని నా నమ్మకం.

చేరికలతో పాటు వేరుపాట్లూ జరిగాయి. ఎన్నో ఏళ్లు తంగేడు పక్కనే చదువు చెప్పిన చింత, దేవకాంచనం చెరొక ఉపకుటుంబానికి వెళ్లిపోయాయి. లిల్లీ కుటుంబం పాఠానికి మేం కోసే ఉల్లిగడ్డ ఆ కుటుంబంలోనే లేదు. కలబంద, శతావరి, అడవి నాభి కూడా తలా ఒక కుటుంబానికి పంచుకుపోయాయి. పిల్లలమర్రి కింద పిల్లలను కూర్చోబెట్టి, మర్రిపండును నిలువునా కోసి, లోపలి గోడ నిండా ఉన్న చిన్న చిన్న పూలనూ వాటికి పరాగసంపర్కం చేసే సూక్ష్మమైన కందిరీగనూ చూపిస్తూ, ఈ ఊడలమాను గులాబీకీ రేగుకూ ఒకే క్రమపు చుట్టమని చెబితే మొదట నమ్మేవాళ్లు కాదు. పాత పద్ధతి తీసేసి కొత్తదే చెప్పాలని వాదించే మిత్రులు నాకున్నారు. నేను ఒప్పుకోను. జన్యువుల వంశవృక్షాన్ని పిల్లవాడు నమ్మగలడే తప్ప తన చేతులతో పరీక్షించలేడు. పువ్వును విప్పడం ముందు రావాలి. విప్పినప్పుడు పుట్టే అనుమానానికి జవాబుగా కొత్త వర్గీకరణ రావాలి.

ఉద్యోగ విరమణ తర్వాత కూడా చుట్టుపక్కల బడులవాళ్లు పిలిస్తే పోతున్నాను. దాదాపు ప్రతి బడి ఆవరణలో నిటారుగా పెరిగిన, అలల అంచుల ఆకులున్న చెట్ల వరుస ఉంటుంది. అందరూ దాన్ని అశోక చెట్టు అంటారు. నారింజ రంగు గుత్తులు పూసే అసలు అశోకం చింతతో పాటు ఒకే ఉపకుటుంబంలో ఉంది; ఆవరణలోని ఈ చెట్టు మాత్రం సీతాఫలం కుటుంబానిది. ఎండాకాలం మొదట్లో దాని కొమ్మలకు ఆకుపచ్చని నక్షత్రాల వంటి పూలు పూస్తాయి. పిల్లల చేత ఒకటి కోయించి రేకులు లెక్కపెట్టిస్తాను: మూడు, వాటి లోపల మళ్లీ మూడు. నడుమన విడివిడిగా ఉన్న ఫలదళాలు ఈ చెట్టులో పండయ్యేదాకా విడిగానే ఉండిపోతాయి కనుక ఒక్క పువ్వు నుంచి కాడలున్న కాయలు గుత్తిగా వేలాడతాయి. సీతాఫలంలో అవే ఫలదళాలు పెరిగే కొద్దీ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒక్క పండవుతాయి, ఆ పండు మీది ఒక్కొక్క కన్నూ ఒక్కొక్క ఫలదళమే.